లెక్కల మేడమ్ రాళ్ళ దగ్గరికి పోయిన ఏడాది

"ఒక వ్యాపారి తన సరుకును పది శాతం నష్టానికి అమ్మి..." అన్నంతవరకే నా గొంతు పలికింది. తర్వాతి మాటకు నోరు తెరిచాను. పెదవులు కదిలాయి, గాలి కూడా వచ్చింది. మాట మాత్రం రాలేదు.

నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు కోచింగ్ ఇచ్చే సెంటర్ అది. రేకుల కప్పు కింద పొడుగాటి హాలు, బెంచీకి ఆరుగురు పిల్లలు. నేను ఆలోచిస్తున్నాననుకుని అందరూ పెన్నులు పట్టుకుని ఎదురు చూస్తున్నారు. గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ ప్రయత్నించాను. గొంతులో ఏదో అడ్డం పడి ఉన్నట్టు, దాని చుట్టూ తిరిగి గాలి బయటికి పోతున్నట్టు అనిపించింది. అంతలో పక్క హాల్లో పాఠం చెప్పే ఇంగ్లీషు సార్ తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది మేడమ్? ఉన్నట్టుండి నా క్లాసులో నా మాట నాకే ఇనపడ్తాంది!"

పిల్లలు పకపకా నవ్వారు. మా రెండు హాళ్ళ మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. పదమూడేళ్ళుగా నా శాతాలూ నిష్పత్తులూ ఆయన గ్రామర్ మీద స్వారీ చేస్తూ వచ్చాయి. ఆ జోకుకు నేనూ నవ్వబోయాను. నవ్వుకూ శబ్దం లేదు. అప్పుడు తెలిసింది భయమంటే ఏమిటో.

ఇది చదివే మీలో చాలామంది నాకంటే చిన్నవాళ్ళు. బళ్ళలో, కోచింగ్ హాళ్ళలో, కాల్ సెంటర్లలో గొంతు పెట్టి బతుకుతున్నవాళ్ళు. ఉద్యోగ జ్ఞాపకాలు రిటైరైనవాళ్ళు రాయాలంటారు. ముప్పై ఎనిమిదేళ్ళకే నేను ఒక ఉద్యోగం నుంచి రిటైరయ్యాను, కాబట్టి నాకూ ఆ అర్హత ఉంది. పిల్లలు పడుకున్నాక, గ్యాసు కట్టేశానా లేదా అని అలవాటుగా మళ్ళీ ఒకసారి చూసుకుని వచ్చి, ఇది రాస్తున్నాను.

అసలు గొంతు అంతకు ముందే కొన్ని నెలలుగా బొంగురు పోతోంది. మిరియాల పాలు తాగాను, పటికబెల్లం చప్పరించాను, మెడకు మఫ్లర్ చుట్టుకుని క్లాసుకు వెళ్ళాను. కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ "ఈ బ్యాచ్ అయిపోనీ" అనుకున్నాను. కోచింగ్ సెంటర్లో బ్యాచ్ అయిపోవడమంటూ ఉండదు, ఒకటి పోయే లోపల ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది.

కర్నూల్లో గొంతు డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూశారు. స్వరపేటిక మీద గడ్డ ఉందన్నారు. ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. ఫలితం వచ్చే దాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు. "గుసగుస కూడా వద్దు, దాంతో గొంతుకు ఇంకా ఎక్కువ పని" అన్నారు.

నేనసలే భయస్థురాలిని. పాప స్కూలు ఆటో పది నిమిషాలు ఆలస్యమైతే మనసులో ఊరంతా తిరిగి వచ్చేదాన్ని. అలాంటి నేను ఆ రోజుల్లో ఎన్ని రకాలుగా చచ్చి బతికానో రాయను. మా పాపకు పదేళ్ళు, బాబుకు ఆరు. బాబు తన పలక తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "అమ్మా, నువ్వు దీని మీద తిట్టు, నేను సదువుకుంటా" అన్నాడు. మా ఆయన ఒక విత్తనాల కంపెనీలో రైతుల దగ్గరికి తిరిగే ఉద్యోగం చేస్తాడు. ఇంటికి రాగానే వసారాలోనే నిలబడి నా ముఖం చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని, ఇంకా ఫలితం రాలేదని.

వచ్చింది. క్యాన్సర్ కాదు. ఆస్పత్రి వరండాలో మా ఆయన కుర్చీలో కూలబడి కండువాతో ముఖం కప్పుకున్నాడు. ఆ తర్వాత ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. చివరగా డాక్టరు చెప్పిన మాట ఇది: "నెమ్మదైన గొంతుతో జీవితాంతం మాట్లాడుకోవచ్చమ్మా. కానీ హాలుకు వినపడేట్టు గంటలకొద్దీ పాఠాలు చెప్పడం ఇక వద్దు. మళ్ళీ వస్తే ఈ మాత్రం గొంతు కూడా మిగలదు."

ప్రాణం దక్కింది. ఉద్యోగం పోయింది. రెండూ ఒకే కాగితం మీద వచ్చేసరికి సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. ఏడవడానికి కూడా గొంతు వాడకూడదన్నారు.

సెలవులు రాగానే పిల్లల్ని తీసుకుని ఆళ్ళగడ్డలో మా పుట్టింటికి వెళ్ళాను. మా నాయనకు అక్కడ హార్డ్‌వేర్ కొట్టు ఉంది. ఉలులు, సుత్తులు, సానరాళ్ళు, మోకులు, టార్పాలిన్లు అమ్ముతాడు. ఆ వీధి పొడుగునా శిల్పుల షెడ్లే కాబట్టి కొనేవాళ్ళూ వాళ్ళే. చిన్నప్పుడు నేను ఆ కొట్టు అరుగు మీద కూర్చుని సుద్దముక్కతో బొమ్మలు గీసేదాన్ని. డిగ్రీలో లెక్కలు తీసుకున్నాక సుద్దముక్క బోర్డు మీదికి మారింది, అంతే.

ఒకరోజు ఎర్రమన్ను కొనడానికి పెద్ద శిల్పి వచ్చాడు. నాయనకు స్నేహితుడు, నేను మామా అని పిలిచే మనిషి. కొట్టుకు ఎదురుగా ఉన్న షెడ్డు ఆయనదే. రాయి మీద ఉలి పడే ముందు విగ్రహం గీతలన్నీ ఎర్రమన్నుతో రాతి మీద గీయాలి. ఆ పని చేసే ఆయన బెంగళూరు వైపు పెద్ద పని దొరికి వెళ్ళిపోయాడట. మామకు చేతిలో ఉలి నిలుస్తుంది గానీ, కంట్లో శుక్లాలు వచ్చి సన్నగీత కనపడటం లేదు.

"గీసే మనిషి దొరకల్యాప్పా" అని నాయనతో అంటున్నాడు. "ఉన్న పిల్లోల్లంతా కంప్యూటర్లో గీస్తాం అంటాండారు. కంప్యూటర్ను రాయి మీద ఎట్ల పెట్టేది?"

నాయన నా వైపు చూశాడు. నేను పలక మీద "నేను గీస్తా" అని రాసి చూపించాను. మామ కళ్ళు చికిలించి కష్టం మీద చదివాడు.

"ఏమ్మా, లెక్కల టీచరువు కదా నువ్వు! గొంతు బాగలేదంట, మీ నాయన చెప్పినాడు. మా షెడ్లో గొంతు ఎవరికీ అక్కర్లేదులే. మిషన్ ఆడతాంటే దేవుడు పిలిచినా ఇనపడదు. రేపు రా."

ఆయన అన్నది నిజమే. కట్టింగ్ మిషన్ల హోరులో అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు చూపిస్తే సన్న ఉలి, పిడికిలి చూపిస్తే సుత్తి, బొటనవేలు నోటి దగ్గర పెడితే టీ. వారాల తర్వాత ఆ రోజే మొదటిసారి, నలుగురిలో నిలబడి కూడా నేను మూగదాన్నన్న సంగతి మర్చిపోయాను.

డాక్టరును ముందే అడిగాను. దుమ్ములో కూర్చోవద్దని ఖండితంగా చెప్పారు. అందుకని కాగితం మీద గీసే పని షెడ్డు ముందు గదిలో, తలుపులు వేసుకుని చేసేదాన్ని. రాతి మీద గీయాల్సి వస్తే రాయిని బయట పందిరి కిందికి దొర్లించి, మిషన్లు ఆపి, నీళ్ళు చల్లేవాళ్ళు. "మేడమొచ్చింది, ఆపండ్రా!" అని మామ కేకేస్తే పనివాళ్ళందరికీ టీ టైము. "రోజుకు నాలుగుసార్లు రా మేడమ్" అనేవాళ్ళు.

మామ నేర్పిన మొదటి పాఠం నన్ను కట్టిపడేసింది. విగ్రహానికి సెంటీమీటర్లు లేవు. దాని ముఖమే దాని కొలబద్ద. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం దాకా ఒక తాళం. ఒళ్ళంతా ఇన్ని తాళాలు, అరచెయ్యి ఇంత, పాదం ఇంత అని దాన్ని బట్టే లెక్క. నిష్పత్తులన్నీ పదమూడేళ్ళపాటు పాలలో నీళ్ళు కలిపే లెక్కలుగానే చెప్పాను. అవే ఇక్కడ ముక్కూ, భుజాలూ, మోకాళ్ళూ అయ్యాయి. సెలవులు అయిపోయాక పిల్లల్ని నంద్యాల తీసుకొచ్చాను. పొద్దున వాళ్ళను బడికి పంపి ఆళ్ళగడ్డ బస్సు ఎక్కడం, సాయంత్రానికి తిరిగి రావడం మొదలుపెట్టాను.

గొంతు కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. పక్కనున్న మనిషికి మాత్రమే వినపడే చిన్న గొంతు.

నాలుగు నెలలు గడిచాక రెండు మాటలు ఒకే వారంలో వచ్చాయి. కోచింగ్ సెంటర్ డైరెక్టర్ ఫోన్ చేసి, "మేడమ్, సోమవారం కొత్త బ్యాచ్. మీకు కాలర్ మైకు పెట్టిస్తా. శనివారం సాయంత్రానికి చెప్పండి, లేకుంటే వేరే వాళ్ళను తీసుకుంటా" అన్నాడు. ఇటు మామ, కోయిలకుంట్ల వైపు ఒక ఊరి అమ్మవారి విగ్రహం గీత మొత్తం నాకే అప్పగించాడు. అప్పటిదాకా నేను గీసినవన్నీ చిన్నవి. "ఊరోళ్ళు దీన్ని ఒప్పుకుంటే ఈ గది నీది. ఒప్పుకోకపోతే బెంగళూరాయన్ను బతిమాలి పిలిపిచ్చుకోవాల, ఏమనుకోవాకు" అన్నాడు.

మా ఆయన ఏ వైపూ లాగలేదు. "నీ గొంతు, నీ ఇష్టం. కానీ మైకు అంటాండారు కదా, ఒకసారి ఆలోచన చెయ్యి. ఇద్దరు పిల్లలుండారు మనకు" అన్నాడు. మైకు పెట్టినా లెక్కల క్లాసు లెక్కల క్లాసే. వెనక బెంచీలో ఎవడో నిద్రపోతుంటాడు, గొంతు దానంతటదే లేస్తుంది. నాకు తెలుసు. అయినా ఆ వారమంతా నా ఆలోచన మైకు దగ్గరికే పోయింది. భయస్థులకు తెలిసిన దారి చెడ్డదైనా ముద్దే.

శనివారం ఊరివాళ్ళు విగ్రహం చూడటానికి వచ్చారు. ట్రాక్టరు నిండా మనుషులు, ముందు ఒక పెద్దరెడ్డి, ఆయన చేతిలో పసుపు పూసిన వెదురు కర్ర. వాళ్ళ ఊళ్ళో అమ్మవారి ఎత్తుకు కోసి పెట్టిన కర్ర అది. పందిరి కింద రాయి వెల్లకిలా పడుకుని ఉంది. దాని మీద ఎర్రగీతల్లో అమ్మవారు. ముహూర్తం దగ్గర పడుతోందని రెండు రోజుల క్రితమే పాదాల దగ్గర, చీర కుచ్చిళ్ళ అంచు దాకా కట్టర్ ఆడించి మొదటి విడత రాయి తీసేశారు.

పెద్దరెడ్డి కర్రను పాదాల దగ్గర ఆనించి పరిచాడు. కర్ర నుదుటి దగ్గర అయిపోయింది. కిరీటం మొత్తం బయటే ఉంది.

"ఏందప్పా ఇది? కిరీటం కర్ర దాటిపాయ!"

సంగతి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. శిల్పుల ఆచారంలో విగ్రహం ఎత్తంటే పాదం నుంచి జుట్టు మొదలయ్యే దాకా. కిరీటం ఆ పైన అదనం. ఆ ఊరి ఆచారంలో ఎత్తంటే కిరీటం కొన దాకా. ఆ ఊరి పూజారి ఫోనులో ఎత్తు చెప్పాడు. ఏ ఎత్తో ఆయన చెప్పలేదు, ఇక్కడ ఎవరూ అడగలేదు. ఇద్దరికీ తమ కొలత తప్ప లోకంలో ఇంకో కొలత ఉందన్న ఊహే లేదు.

"మా గుడి దార్బందం పొట్టిది" అని పెద్దరెడ్డి గొంతు పెంచాడు. "అమ్మ సూపు గడప దాటి ఊరి మీద పడాల. ఇంత ఎత్తు చేస్తే సూపు పై కమ్మీకి తగులుతాది. ఊరు సల్లగుంటాదా?"

"చిన్నగా మళ్ళీ గీస్తే పోలా?" అన్నాడు వెంట వచ్చినవాళ్ళలో ఒకడు.

"కింద కోసేసినారు కదరా! కాళ్ళు పెద్దవి, తల చిన్నది చేస్తారా? రాతికి తీసేసేదే గానీ అతికించేది యాడుంటాది? ఈ రాయి మాకొద్దు. ఏరే రాయి తెప్పియ్యి శిల్పీ. ముహూర్తానికి అందల్యాకపోతే మర్యాదగా ఉండదు."

మామ ముఖం పాలిపోయింది. "గీసిందెవరు?" అని ఎవరో అడిగారు. పనివాళ్ళు నా వైపు చూశారు. "ఈయమ్మా? నంద్యాల టీచరంట కదా!" అని గుంపులో గొణుగుడు మొదలైంది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మామ ఏదో చెప్పబోతే ఆయన మాట ఎవరూ విననివ్వడం లేదు.

నేను రాతి వైపే చూస్తున్నాను. భయపడినప్పుడు లెక్కలు చేసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కర్రను పాదాల నుంచి కాకుండా, కిరీటం కొన నుంచి కిందికి పరిస్తే? అది చీర అంచుకు పైన, కాలి పిక్కల దగ్గర ఆగుతుంది. అక్కడే కొత్త పాదాలు పెడితే? ముఖం కాస్త చిన్నదవుతుంది, దాంతో పాటు ఒళ్ళంతా. పైన ఇంకా ఉలి పడలేదు కాబట్టి కొత్త గీత పాత గీత లోపలే ఇమిడిపోతుంది. మరి కింద కోసేసిన భాగం? కుచ్చిళ్ళ కోసం విచ్చుకున్నట్టు కోసిన ఆ అంచు, అచ్చంగా తామరపువ్వు రేకులకు సరిపోతుంది.

"మామా, పద్మం" అన్నాను. ఎవరికీ వినపడలేదు. ఇంకొకసారి అన్నాను. అరవాలనిపించింది. గొంతు మీద చెయ్యి వేసుకుని ఆగిపోయాను. పదమూడేళ్ళు అరిచిన మనిషికి అరవకుండా నిలబడటం ఎంత కష్టమో ఆ నిమిషంలో తెలిసింది. ఎర్రమన్ను డబ్బా తీసుకుని నేరుగా రాయి దగ్గరికి వెళ్ళాను. పెద్దరెడ్డి చేతిలోంచి కర్ర తీసుకుని కిరీటం కొన దగ్గర ఆనించి తిప్పి పెట్టాను. కర్ర ఆగిన చోట అడ్డంగా ఒక గీత గీశాను. దాని కింద, కోసేసిన అంచు మీద, వరసగా రేకులు గీయడం మొదలుపెట్టాను.

పెద్దరెడ్డి ఒక్క నిమిషం చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి గదిమాడు. "గమ్మునుండండప్పా! ఆయమ్మి ఏందో చెప్తాంది, ఇననీండి."

గుంపంతా దగ్గరికి జరిగింది. నేను మాట్లాడుతుంటే ముందువాళ్ళు వంగి విన్నారు, విని వెనకవాళ్ళకు చెప్పారు. కోచింగ్ హాల్లో ఏనాడూ నా మాట కోసం అంతమంది అలా వంగలేదు.

"తామరపువ్వు కలిస్తే ఎత్తు పెరగదా తల్లీ?" అన్నాడు పెద్దరెడ్డి. "ఆయం తప్పుతాది కదా?"

ఆయమంటే ఇల్లు కట్టే ప్రతివాళ్ళకూ తెలిసిందే. కొలతను ఒక పద్ధతిలో గుణించి, ఎనిమిదితో భాగించి, మిగిలిన అంకెను బట్టి మంచీ చెడూ చెబుతారు. మూడు మిగిలితే సింహం, మంచిది. నాలుగు మిగిలితే కుక్క, చెడ్డది. శేషాల లెక్కలు నేను నిద్రలో కూడా చేయగలను. పువ్వు చాలావరకు గద్దెలోకి దిగిపోతుంది కాబట్టి చూపు పై కమ్మీకి తగలదు, పైకి కనపడే కాస్త మాత్రమే లెక్కకొస్తుంది. మరి ఎంత దింపితే మూడు మిగులుతుందో చూసి అక్కడ ఒక గీత గీశాను. పెద్దరెడ్డి వాళ్ళ ఊరి సిద్ధాంతికి ఫోన్ చేసి కొలత చెప్పాడు. ఫోను స్పీకర్లో పెడితే అందరూ దాని చుట్టూ మూగారు. అవతల కాసేపు గొణుగుడు.

"మూడు. సింహాయం" అన్నాడు సిద్ధాంతి. "ఎవరు జెప్పినారు మీకు? బాగుండాది."

ట్రాక్టరు మీద వచ్చిన మనుషులు ఒక్కసారిగా అరిచిన అరుపుకు పందిరి మీది కాకులు లేచిపోయాయి. మామ పనివాళ్ళ వైపు తిరిగి బొటనవేలు నోటి దగ్గర పెట్టాడు. అందరికీ టీ.

మధ్యాహ్నమంతా గీశాను. గుంపు కదలలేదు. ముక్కుపుడక దగ్గర కొత్త తగాదా లేచింది.

"కుడిపక్క పెట్టమ్మా."

"యాడన్నా కుడిపక్క పెడతారా? మా యమ్మకు ఎడమపక్కుండ్య."

"మీ యమ్మ ఊరి దేవతనా?"

చివరికి వాళ్ళతో వచ్చిన ఒక ముసలమ్మ, "పాత అమ్మకు రెండు పక్కలా ఉండ్య, మీరెవరన్నా ఏనాడన్నా సరిగ్గా మొక్కినారా?" అని మొగవాళ్ళందర్నీ ఒక్క మాటతో కూర్చోబెట్టింది. రెండు పక్కలా పెట్టాను. గీత పూర్తయ్యాక ఆమె నా నుదుట కుంకుమ పెట్టింది. పెద్దరెడ్డి టెంకాయ కొట్టి, "గీసిన చెయ్యి సల్లగుండాల" అన్నాడు. ఆ అమ్మవారు ఇప్పుడు ముహూర్తానికే గుడి చేరి, పద్మం మీద నిలబడి, గడప దాటి ఊరిని చూస్తోంది.

సాయంత్రం నంద్యాల బస్సెక్కే ముందు డైరెక్టర్‌కు ఫోన్ చేశాను.

"సార్, నేను రాను."

"ఏం ఇనపడల్యా మేడమ్, గట్టిగా చెప్పండి!"

"గట్టిగా చెప్పలేను సార్. అందుకే రాను."

ఈసారి విన్నాడు. పాపం, "ఆరోగ్యం చూసుకోండి మేడమ్" అన్నాడు. మంచి మనిషే. వెనక నుంచి ఇంగ్లీషు సార్ గొంతు వినపడింది: "రానంటాందా? అయితే నా పాఠం ఇంక నేనే ఇనాల్నా?"

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. నా వేళ్ళకు అంటిన ఎర్రమన్ను చూశాడు. "నీ ముఖం సూసే కనుక్కున్యా" అన్నాడు. ఆ రాత్రి గ్యాసు సంగతి మర్చిపోయి పడుకున్నాను.

మర్నాడు పొద్దున దోసెలు పోస్తూ పిల్లల్ని దగ్గరికి పిలిచాను. పాప జడ సగమే వేసుకుని వచ్చింది. బాబు వచ్చి నా నోటి దగ్గరగా చెవి పెట్టాడు, కొన్ని నెలలుగా వాడికి అదే అలవాటు. వాళ్ళిద్దరూ అడగకుండా దాచుకున్న ప్రశ్న ఏమిటో నాకు తెలుసు.

"అమ్మకు జబ్బు పోయింది" అన్నాను. "ఈ చిన్న గొంతు జబ్బు కాదు, ఇంక అమ్మ గొంతు ఇదే. దీంతోనే కథలు చెప్తా, దీంతోనే తిడతా. అమ్మ మళ్ళీ పాఠాలకు పోదు. వచ్చే ఏడు మనం ఆళ్ళగడ్డలో ఉంటాం, మీరు ఆడ బళ్ళో చేరతారు. కొత్త బళ్ళో మీ అమ్మ ఏం చేస్తాదని అడిగితే బిడియపడొద్దు. శిల్పులు ఉలి ఎత్తే ముందు, రాయి మీద మొదటి గీత మా అమ్మ గీస్తాదని చెప్పండి."